అమ్మానాయనలకు ఒక కంప్యూటరు

(సమాఖ్య వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

దేవాంగులు, పద్మశాలీలు, తొగటవీరులు, పట్టుసాలీలు, కురుహినశెట్లు అని పేర్లు వేరైనా మగ్గం ఒకటే అనుకొని కూడిన సమాఖ్య మనది. పట్టు ధర గురించి, కూలి గురించి, పథకాల గురించి చెప్పగల అనుభవజ్ఞులు ఈ వేదిక మీద చాలామంది ఉన్నారు. మాకు ఇచ్చిన విషయం చిన్నది. పిల్లలు బెంగళూరులో, తల్లిదండ్రులు ఊర్లో ఉండే ఇంటికి చాలా ఏండ్లు నిలిచే కంప్యూటరు ఎట్లా కట్టాలి అనేది. మేము అక్కాతమ్ముళ్లం, మాది చింతామణి. కంప్యూటర్లు అమ్మేవాళ్లం కాము. మా ఇంటికి రెండుసార్లు కంప్యూటరు కట్టినాము, అంతే. మొదటిది మాకు తీరని నష్టం చేసింది. రెండోది నిలిచి ఉంది. ఆ రెండింటి మధ్య నేర్చుకొన్నది చెప్పి కూర్చుంటాము.

మొదటి దాని సంగతి. 2016లో మా ఇద్దరికీ ఉద్యోగాలు వచ్చిన కొత్త. అమ్మానాయనలకు ఏదైనా మంచిది కొనియ్యాలని ఉబలాటం. డబ్బంతా పెద్ద ప్రాసెసరు మీద, పెద్ద హార్డ్ డిస్కు మీద పెట్టినాము. క్యాబినెట్టుతో పాటు ఎస్ఎంపీఎస్ ఉచితంగా వస్తుందంటే సంతోషపడినాము. యూపీఎస్ తర్వాత చూద్దాంలే అనుకొన్నాము. ఎర్తింగు మాట మాకు తట్టనే లేదు.

మా నాయన ముప్పై ఏండ్లు గ్రాఫు కాగితాల మీద అంచులు, బుటాలు గీసినాడు. అవన్నీ ఒక ట్రంకు పెట్టెలో ఉండేవి. ఆ ఏడు దసరా సెలవులకు కూర్చొని ఆరువందల పైచిలుకు కాగితాలు స్కాన్ చేసినాము. ఇక కంప్యూటరులో ఉన్నాయి కదా అని ట్రంకు పెట్టెను వసారాలోకి నెట్టినాము. ఏడాదిన్నర తర్వాత చూస్తే చెదలు తినేసినాయి. పోతే పోనీలే, కంప్యూటరులో ఉన్నాయి అనుకొన్నాము.

2018 మే నెలలో ఒక సాయంత్రం గాలివాన వచ్చింది. కరెంటు పోయింది, వచ్చింది, మళ్లీ పోయింది, మళ్లీ వచ్చింది. మూడోసారి వచ్చినప్పుడు పెట్టెలో నుండి కాలిన వాసన వచ్చిందని అమ్మ ఫోన్ చేసింది. ఎస్ఎంపీఎస్ పోయింది, పోతూ పోతూ మదర్‌బోర్డునూ హార్డ్ డిస్కునూ తీసుకొనిపోయింది. బెంగళూరులో డేటా తీసేవాళ్ల దగ్గరికి తిప్పినాము, ఏమీ రాలేదు. అక్క ఎప్పుడో స్నేహితురాలికి చూపించడానికి మెయిలులో పంపిన నలభై కాగితాలు మాత్రం మిగిలినాయి.

అంతకంటే పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. "ఆ పొద్దు నేను స్విచ్చి సరిగ్గా ఆపలేదేమోరా. నా చెయ్యి తగిలే పోయింటుంది" అని నాయన మనసులో పెట్టుకొన్నాడు. కాదు నాయనా, తప్పు మాది అని ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. తర్వాత నాలుగేండ్లు, ఇంట్లో మా ల్యాప్‌టాప్ తెరిచి పెట్టినా దాని పక్కకు కూడా వచ్చేవాడు కాదు. పెద్దవాళ్ల ఇంట్లో కంప్యూటరు చెడిపోతే యంత్రం ఒక్కటే చెడిపోదు. వాళ్ల ధైర్యం చెడిపోతుంది. కాబట్టి ఈ రోజు మేము చెప్పే ప్రతి జాగ్రత్తా ఆ ధైర్యం కోసమే అనుకోండి.

2022లో మళ్లీ కట్టాలనుకొన్నప్పుడు ముందు ఒక నియమం పెట్టుకొన్నాము. మగ్గంలో నాడె విరిగితే నాడె మారుస్తాము, పడుగు తెగితే అతుకుతాము, జాకార్డు అట్ట చినిగితే ఆ ఒక్క అట్ట కొత్తది కొట్టిస్తాము. మగ్గాన్ని ఎవరూ బయట పారేయరు. అట్లాగే ఈ కంప్యూటరులో ఏ భాగం పోయినా, చింతామణిలోనో చిక్కబళ్లాపురంలోనో దొరికే భాగంతో, స్క్రూడ్రైవరు పట్టే పిల్లవాడు ఎవరైనా ఒక్క పూటలో మార్చగలగాలి. ఎక్కువ కాలం నిలవడం అంటే చెడిపోకుండా ఉండడం కాదు, చెడినా సులభంగా బాగుపడడం. ఆ నియమం పెట్టుకొన్నాక సగం ప్రశ్నలు వాటంతట అవే తేలిపోయినాయి.

ల్యాప్‌టాప్ ఎందుకు వద్దు? దాని బ్యాటరీ కొన్నేండ్లకు ఉబ్బుతుంది, కీబోర్డు మీద నీళ్లు పడితే లోపలిదంతా పోతుంది, చాలా వాటిలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది. మానిటరులోనే అన్నీ ఇమిడిపోయిన రకం ఎందుకు వద్దు? చూడడానికి ముచ్చటగా ఉంటుంది కానీ, దాని బోర్డు ఆ కంపెనీ దగ్గర తప్ప దొరకదు. మామూలు డెస్క్‌టాప్ పెట్టెకు అయితే 1995లో ఇంటెల్ తెచ్చిన ఏటీఎక్స్ కొలతలు ఉన్నాయి. స్క్రూ రంధ్రాలు ఎక్కడ ఉండాలి, ఎస్ఎంపీఎస్ ఎంత ఉండాలి అన్నది అందరికీ ఒకే లెక్క. పన్నె కొలత ఊరంతా ఒకటే ఉన్నట్టు. పాత పెట్టెలో కొత్త బోర్డు కూర్చుంటుంది. బ్రాండెడ్ చిన్న పెట్టెలు కొనేవాళ్లు మాత్రం ఎస్ఎంపీఎస్ మామూలు ఆకారంలో ఉందా, వాళ్ల సొంత ఆకారమా అని ముందే అడగండి.

సామాను బెంగళూరు ఎస్పీ రోడ్డులో కొన్నాము. చిక్కపేటకు చీరలు వేయడానికి పోయే మన పెద్దలకు అది దూరం కాదు, నాలుగు సందుల అవతలే. ధరలు నెలనెలా మారుతాయి కాబట్టి ధరలు చెప్పము. డబ్బు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ పెట్టకూడదు, అది చెబుతాము.

ప్రాసెసరు మీద తక్కువ పెట్టండి. అమ్మానాయనలు చేసే పనులు ఏమిటి? వీడియో కాల్, పహణి చూడడం, బ్యాంకు, యూట్యూబు, లెక్కలు, డిజైన్లు. ఇవన్నీ చేయడానికి లోపలే గ్రాఫిక్స్ ఉన్న నాలుగు కోర్ల ప్రాసెసరు చాలు. మేము ఐ3 12100 పెట్టినాము, 60 వాట్ల రకం. వేరే గ్రాఫిక్స్ కార్డు పెట్టలేదు. కార్డు లేకపోతే వేడి తక్కువ, ఒక ఫ్యాను తక్కువ, చెడిపోయే వస్తువు ఒకటి తక్కువ. ర్యామ్ 16 జీబీ, 8 చొప్పున రెండు ముక్కలుగా తీసుకొన్నాము. ఒకటి పోయినా రెండోదానితో మిషన్ నడుస్తుంది.

హార్డ్ డిస్కుకు బదులు ఎస్ఎస్‌డీ పెట్టండి. 500 జీబీ ఎస్ఎస్‌డీలు చాలా వాటికి 300 టెరాబైట్లు రాసేవరకు హామీ ఉంటుంది. రోజుకు 10 జీబీ రాసినా అది 80 ఏండ్ల లెక్క. అంటే ఎస్ఎస్‌డీ అరిగి పోదు. పోతే ఒక పొద్దు చెప్పకుండా పోతుంది. ఆ సంగతికి మళ్లీ వస్తాము.

ఎస్ఎంపీఎస్ మీద మాత్రం పిసినారితనం చేయకండి. క్యాబినెట్టుతో ఉచితంగా వచ్చేదాన్ని తీసి పక్కన పెట్టండి. 80 ప్లస్ బ్రాంజ్ గుర్తు ఉన్నది, 5 ఏండ్ల వారంటీ ఉన్నది, 450 వాట్లది తీసుకోండి. మా మిషను, మానిటరు కలిపి మామూలు పనిలో 60, 70 వాట్లు దాటవు. మరి అంత ఎందుకు అంటారేమో. బరువు తక్కువ మోసే ఎద్దు ఎక్కువ కాలం బతుకుతుంది. ఎస్ఎంపీఎస్‌లో ఉండే కెపాసిటర్లకు వేడి శత్రువు. పది డిగ్రీల వేడి తగ్గితే వాటి ఆయుస్సు సుమారు రెట్టింపు అవుతుందని ఇంజనీర్ల లెక్క. అందుకే పెట్టెను గోడకు ఆనించకుండా, వెనక జానెడు చోటు వదిలి పెట్టాలి.

ఇప్పుడు కరెంటు సంగతి. మా దగ్గర ఒకే లైను మీద మోటార్లు, పవర్‌లూములు అన్నీ నడుస్తాయి. మోటారు మొదలైనప్పుడు బల్బు మిణుకుమంటే, కంప్యూటరుకు ఆ దెబ్బ తగిలినట్టే. మేము కంప్యూటరు ప్లగ్గుకు వేరే వైరు, వేరే ఎంసీబీ వేయించినాము. తర్వాత ఎర్తింగు. కొన్ని ఇండ్లల్లో కంప్యూటరు పెట్టెను ముట్టుకొంటే వేళ్లకు జివ్వుమంటుంది. "కొంచెం కరెంటు వస్తుందిలే" అని ఊరుకొంటారు. అది ఊరుకొనే విషయం కాదు. ఎస్ఎంపీఎస్ లోపలి ఫిల్టరు కొంచెం కరెంటును ఎర్తుకు వదులుతుంది. ఎర్తు లేకపోతే అది పెట్టె మీదే నిలుస్తుంది. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి మీటరుతో చూడమనండి. ఫేజుకూ ఎర్తుకూ మధ్య 230 దగ్గర చూపాలి, న్యూట్రలుకూ ఎర్తుకూ మధ్య రెండు మూడు వోల్టులు మించకూడదు. ఎర్తు గుంతలో బొగ్గు, ఉప్పు వేసి వదిలేస్తే చాలదు. మన వైపు ఎండాకాలం నేల ఎట్లా ఎండిపోతుందో మీకు తెలుసు. వారానికి ఒకసారి ఒక బిందె నీళ్లు పోయాలి. అమ్మ తులసికోటకు నీళ్లు పోసేటప్పుడే దానికీ పోస్తుంది.

యూపీఎస్ 600 వీఏది చాలు. అది అరగంట పని చేసుకోవడానికి కాదు, పదినిమిషాల్లో సక్రమంగా ఆపుకోవడానికి. లేజరు ప్రింటరును మాత్రం దానికి తగిలించకండి. యూపీఎస్‌లో బ్యాటరీ రెండు మూడేండ్లకు పోతుంది. అప్పుడు యూపీఎస్‌నే పారేయకండి, 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ మార్చండి. ఉరుములు మొదలైతే ప్లగ్గు పీకాలి. ఇంటర్నెట్టు వైరు కూడా పీకాలి, ఆ దారిలోనూ పిడుగు దెబ్బ వస్తుంది.

నేత ఇండ్లకు ప్రత్యేకంగా ఉండే బాధ ఇంకొకటి ఉంది. నూలు దూది, పట్టు నూగు, గంజి దుమ్ము. మొదటి కంప్యూటరు మూత విప్పినప్పుడు ప్రాసెసరు ఫ్యాను మీద ఫెల్టు గుడ్డ పరిచినట్టు ఉండింది. ఇప్పుడు కంప్యూటరును మగ్గం గదిలో పెట్టలేదు, నడవలో పెట్టినాము, నేల మీద కాకుండా మోకాలెత్తు స్టాండు మీద. ముందు వైపు కడుక్కొనే జాలీ ఉన్న క్యాబినెట్టు కొన్నాము. మూడు నెలలకు ఒకసారి ప్లగ్గు పీకి, బ్లోయరుతో ఊదుతాము. ఊదేటప్పుడు ఫ్యాను గిర్రున తిరగకుండా వేలితో పట్టుకోవాలి. ఈ పని ఇప్పుడు అమ్మదే.

సామాను అంతా కూడింది, పని చేస్తుంది. కానీ నాయన దగ్గరికి రాలేదు. "మీ అమ్మకు చూపించండి" అని లేచి పోయినాడు. అప్పుడు మేము కంప్యూటరు మాట వదిలేసి జాకార్డు మాట ఎత్తినాము. ఫ్రాన్సులో లియోను నేతగాడి కొడుకు జాకార్డు. 1804 ప్రాంతంలో అట్టల మగ్గం తెచ్చినాడు. అట్టలో చిల్లు ఉంటే పడుగు లేస్తుంది, చిల్లు లేకపోతే లేవదు. ఉంది, లేదు. అంతే భాష. ఇంగ్లండులో బాబేజ్ అనే ఆయన లెక్కలు చేసే యంత్రం ఊహించినప్పుడు ఈ అట్టలనే తీసుకొన్నాడు. 24,000 అట్టలతో పట్టు మీద నేసిన జాకార్డు బొమ్మ ఒకటి ఆయన దగ్గర ఉండేది. 1890లో అమెరికా జనాభా లెక్కలకు హాలరిత్ అనే ఆయన చిల్లుల అట్టలే వాడినాడు. ఆయన కంపెనీ ఇంకొన్నింటితో కలిసి తర్వాత ఐబీఎం అయింది. నాయన అంతా విన్నాడు. "ఇరవై నాలుగు వేల అట్టలా? ఎక్కడ వేలాడదీసిరో?" అన్నాడు. ఆ ప్రశ్నతో కుర్చీలో కూర్చున్నాడు. అంతకు ముందు నాలుగేండ్లు మేము చెప్పిన ధైర్యం చేయని పనిని ఆ అట్టల లెక్క చేసింది.

కూర్చున్నాక అడ్డుపడేవి అక్షరాలు. మన సరిహద్దు ఇండ్ల సంగతి మీకు చెప్పాలా? ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో చదివింది కన్నడం. కైవారం తాతయ్య రెండు భాషల్లోనూ పాడిన నేల ఇది. బాగేపల్లిలో మా పిన్నమ్మకు తెలుగు మాట బాగా వస్తుంది, చదవాలంటే కన్నడం కావాలి. కాబట్టి భాషను మీరు నిర్ణయించకండి, వాళ్లనే అడగండి. మా ఇంట్లో తెర మీద మాటలు కన్నడంలో పెట్టినాము, టైపింగు రెండు భాషలకూ పెట్టినాము. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో ఒక సౌకర్యం ఉంది. కన్నడ 'క' ఏ మీట మీద ఉందో తెలుగు 'క' కూడా ఆ మీట మీదే ఉంటుంది. ఒకటి నేర్చుకొంటే రెండోది వచ్చినట్టే. వేళ్లు నొప్పి పెట్టేవాళ్లకు మాట్లాడి రాయించే సౌకర్యం రెండు భాషల్లోనూ ఉంది. 24 అంగుళాల మానిటరు తీసుకొని అక్షరాలు పెద్దవి చేయండి. కీబోర్డు, మౌసు వైరు ఉన్నవే పెట్టండి. వైరు లేనివైతే ఒక పొద్దు సెల్లు అయిపోతుంది, మిషన్ చెడిపోయింది అనుకొని భయపడతారు.

సెల్లు అంటే ఇంకొకటి గుర్తుకు వచ్చింది. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ళంత సెల్లు ఉంటుంది, సీఆర్ 2032. పెద్దవాళ్లు రాత్రిపూట గోడ స్విచ్చి ఆపుతారు, అది మంచి అలవాటే. కానీ అప్పుడు గడియారం ఆ సెల్లు మీదే నడుస్తుంది కాబట్టి త్వరగా అయిపోతుంది. తేదీ తప్పుతుంది. తేదీ తప్పితే బ్యాంకు పేజీ తెరుచుకోదు, ఇది సురక్షితం కాదు అని ఎర్రగా చూపిస్తుంది. అది చూసి మా అమ్మ ఎవరో దొంగలు పడినారని రాత్రంతా నిద్రపోలేదు. చిన్న సెల్లు. ఒకటి ఎక్కువ కొని బీరువాలో పెట్టండి.

దొంగల మాట వచ్చింది కాబట్టి. అమ్మానాయనల ఖాతా మామూలు ఖాతాగా ఉండాలి, కొత్త ప్రోగ్రాములు ఎక్కించే పాస్‌వర్డు వేరేగా ఉండాలి. అది మా దగ్గర ఒకటి, కవరులో అతికించి బీరువాలో ఒకటి ఉన్నాయి. బెంగళూరు నుండే వాళ్ల తెర చూసి సరిచేసే ఏర్పాటు పెట్టుకొన్నాము. దానికి కట్టుబాటు ఒకటే. వాళ్లు మాకు ఫోన్ చేస్తేనే అది తెరవాలి. ఎవరైనా వాళ్లకు ఫోన్ చేసి తెరవమంటే, పోలీసు అన్నా, బ్యాంకు అన్నా తెరవకూడదు. డిజిటల్ అరెస్టు అనేది మన చట్టంలో లేదు. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఈ అంకెను మానిటరు కింద అట్ట మీద రాసి అతికించినాము.

ఇంకొక హెచ్చరిక. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. మీ ఇండ్లల్లో పాత మిషన్లు ఉంటే, 11 ఎక్కుతుందా అని చూడండి. ఎక్కకపోతే మిషన్‌ను పాత సామానుకు వేయకండి. లినక్స్ మింట్ ఉచితం, ఒక్కో పెద్ద విడుదలకు అయిదేండ్లు అప్‌డేట్లు ఇస్తారు. బ్రౌజరు, వీడియో, లెక్కలు అన్నీ నడుస్తాయి.

ఇక అన్నింటికంటే ముఖ్యమైన మాట. ఎస్ఎస్‌డీ చెప్పకుండా పోతుంది అన్నాము కదా. కాబట్టి ముఖ్యమైనవి మూడు చోట్ల ఉండాలి. ఒకటి మిషన్‌లో. రెండోది బయటి డ్రైవులో. మూడోది వేరే ఊర్లో. మా ఇంట్లో అమావాస్యకు మగ్గం దిగరు. ఆ పొద్దు నాయన బయటి డ్రైవు తగిలించి కాపీ చేసి, పీకి, బీరువాలో పెడతాడు. పీకి పెట్టడమే ముఖ్యం. తగిలించే ఉంటే పిడుగు రెండింటినీ తీసుకొనిపోతుంది. మూడో కాపీ మేము పండుగకు వచ్చినప్పుడు బెంగళూరుకు తీసుకొనిపోతాము.

మిషన్ పక్కన ఒక నోటు పుస్తకం వేలాడదీసినాము. బిల్లులు, సీరియలు నంబర్లు, వారంటీ తేదీలు, ఏది ఎప్పుడు మార్చినామో అన్నీ అందులో ఉన్నాయి. మూడేండ్లు దాటింది. ఇప్పటిదాకా ఆ పుస్తకంలో ఎక్కినవి ఇవి: ఒక యూపీఎస్ బ్యాటరీ, ఒక మౌసు, ఒక సీఆర్ 2032 సెల్లు. పదేండ్లు నిలుస్తుందని మేము ఇప్పుడే చెప్పలేము. కానీ ఈ మూడింటిలో సెల్లును మాకు ఫోన్ కూడా చేయకుండా నాయనే మార్చినాడు. ఆ రాత్రి దొంగలు కాదు, సెల్లు అని తేల్చింది కూడా ఆయనే.

సమాఖ్య పెద్దలకు రెండు మనవులు. మూడు ఊర్లలోనూ ఒక్కొక్క పెట్టె పెట్టండి. అందులో ఒక మంచి ఎస్ఎంపీఎస్, ఒక ఎస్ఎస్‌డీ, ఒక కీబోర్డు, మౌసు, నాలుగు సెల్లులు, ఒక బ్లోయరు ఉండాలి. ఎవరి ఇంట్లో మిషన్ ఆగినా అందులోది పెట్టి చూస్తే ఏది పోయిందో తేలిపోతుంది. నెలకు ఒక ఆదివారం మేము వస్తాము. మాలాంటి పిల్లలు ఇంకా నలుగురు పేర్లు ఇస్తే అందరికీ సులభం అవుతుంది.

రెండో మనవి డిజైన్ల గురించి. మా నాయన కాగితాలు పోయిన సంగతి తెలిసి, బంధువులు బీరువాల్లో నుండి పాత చీరలు తీసినారు. పెండ్లి చీరలు, సీమంతం చీరలు. ఒకామె ముప్పై ఏండ్ల కిందటి చీరను మడత విప్పకుండా అట్లాగే తెచ్చి ఇచ్చింది. అంచు చూసి, ఇది నాదే అని నాయన గుర్తుపట్టినాడు. ఫోటో తీసి, తెర మీద పెద్దది చేసి, గడి గడి లెక్కపెట్టి మళ్లీ గీస్తున్నాడు. నలభై మిగిలినవి ఇప్పుడు నూట యాభై దాటినాయి. మీ ఇండ్లల్లో పెద్దవాళ్లు గీసిన కాగితాలు ఉంటే స్కాన్ చేయించండి, మేము చేసి పెడతాము. చేసినాక కాగితాన్ని పారేయకండి, చెదలకు వదలకండి. మేము చేసిన తప్పు ఇంకొక ఇంట్లో జరగకూడదు. మీ దగ్గర చింతామణిలో నేసిన పాత పట్టుచీర ఏదైనా ఉంటే, ఒకసారి అంచు చూపించి పోండి. మా నాయన ఈ సభలోనే, వెనక వరసలో కూర్చొని ఉన్నాడు.